గోళ్లు దాచుకునే ప్రాణి

నా సర్వీసంతా గిట్టలు, కొమ్ములు, పొదుగుల మధ్యే గడిచింది. మాది హాలియా దగ్గర వరి పండించుకునే ఇల్లు. ఇంట్లో బర్రెలుండేవి కాబట్టి పశువుల డాక్టరంటే బర్రెల డాక్టరే అనుకుంటూ చదువుకున్నాను. ఉద్యోగంలో చేరాక పెద్దవూరలో గొర్రెల్ని, సూర్యాపేటలో బర్రెల్ని, కోదాడలో రెండింటినీ చూశాను. పిల్లిని చంకనెత్తుకుని దవాఖానకు వచ్చేవాళ్లు కూడా ఉంటారని అప్పట్లో ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. మిర్యాలగూడలో రిటైరయ్యే నాటికి మాత్రం బర్రెల వరసలో బుట్టలు కూడా కనిపించేవి, ఆ బుట్టల్లోంచి మ్యావుమనే గొంతులు వినిపించేవి. రిటైరై ఇక్కడే స్థిరపడ్డాను. ఇప్పటికీ ఫోన్లు వస్తూనే ఉంటాయి, పిల్లి గీరింది మేడం, ఏం చెయ్యాలి అని.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు కొందరు మా ఇంటికి వచ్చారు. బర్రెలంటే భయం లేదట, పిల్లులంటేనే భయమట. గోళ్లు ఎట్లా తీసేవారు మేడం అని అడిగారు. నోటితో చెబితే సగం మరిచిపోతారని రాద్దామని కూర్చున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఆఫీసు తగాదాలు ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పేవాళ్లు మన డిపార్టుమెంటులో ప్రతి టీ కొట్టు దగ్గరా దొరుకుతారు. నేను చెప్పేది పిల్లి గోరు గురించి. ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని చూసినప్పుడు నాకు కలిగే ఆశ్చర్యం ఏమాత్రం తగ్గలేదు.

అల్మారా ఎక్కిన పిల్లి

కోదాడలో నా పై అధికారి ఒక పెద్దాయన. పొద్దున ఆలస్యంగా వచ్చేవాడు, రిపోర్టులు రాయమంటే విసుక్కునేవాడు, కోపం వస్తే ఎదుట ఎవరున్నారో కూడా చూసేవాడు కాదు. ఈ లోపాలేవీ నేను కప్పిపుచ్చను. కానీ జంతువును పట్టుకోవడంలో ఆయన చేతుల్లాంటి చేతులు మళ్లీ చూడలేదు.

ఒకరోజు ఆయన ఇంకా రాకముందే బ్యాంకులో పనిచేసే ఒకాయన తెల్లపిల్లిని తెచ్చాడు. చెవుల వెనక వెంట్రుకలు ఉండలు కట్టాయి, గోళ్లు బాగా పెరిగాయి. మా కాంపౌండరు యాదగిరి ఒక్క తాడుతో ఎద్దును పడేయగల మనిషి. మేకపిల్లను పట్టినట్టు ముందుకాళ్లు ఒక చేత్తో, వెనకకాళ్లు ఇంకో చేత్తో పట్టుకున్నాడు. నేను కత్తెర తీశాను. ఆ తర్వాత ఏం జరిగిందో మా ఇద్దరికీ తెలియలేదు. యాదగిరి మోచేతి దాకా ఎర్రటి గీతలు పడ్డాయి, మందుసీసాలు కింద పడ్డాయి, పిల్లి అల్మారా పైకెక్కి కూర్చుంది. బ్యాంకాయన మా ఇద్దరినీ చూసిన చూపు నాకింకా గుర్తుంది. మేము మాత్రం ఓటమి ఒప్పుకోకుండా, గొర్రెలను పట్టే వల ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టాం.

సార్ అప్పుడొచ్చాడు. వల పక్కన పడేయమన్నాడు. కిటికీలు మూయించి, అందరినీ టీ తాగి రమ్మని బయటకు పంపాడు. నన్నొక్కదాన్ని మూలన కూర్చోమన్నాడు. తాను కుర్చీలో కూర్చుని పేపరు తీశాడు. పిల్లివైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఎంతసేపటికో అది దానంతటదే దిగింది. గది అంతా వాసన చూసుకుంది, ఆయన చెప్పుల దగ్గరికి వచ్చి ఆగింది, కాసేపటికి ఒళ్లోకి ఎక్కింది. ఆయన దాని వీపు తన పొట్టకు ఆనేలా కూర్చోబెట్టుకుని, ఒక పాదాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా నొక్కాడు. అప్పటిదాకా లేని గోరు బయటికొచ్చింది.

"చూడమ్మా," అన్నాడు, "బర్రెను కట్టకపోతే మనకి దెబ్బ తగులుతుంది. దీన్ని కడితేనే తగులుతుంది."

ఆ పాదాన్ని కిటికీ అద్దంలోంచి వచ్చే వెలుగుకు తిప్పి చూపించాడు. వంకీ తిరిగిన సన్నటి గోరు, పలచగా, అవతలి వెలుగు కనిపించేలా ఉంది. మొదలు దగ్గర గులాబీరంగు గీత ఒకటి, కొసన తెల్లటి మొన. ఆ గులాబీరంగు ఉన్నంతవరకు నెత్తురూ నొప్పీ ఉంటాయని, దాని జోలికి పోకుండా కొసను మాత్రమే తీయాలని చెప్పాడు. ఒక్క కొస కత్తిరించి పాదాన్ని వదిలాడు. గోరు లోపలికి వెళ్లిపోయింది. అక్కడ మెత్తటి వెంట్రుకలు తప్ప మరేమీ లేవు.

నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. చదువుకున్నప్పుడు బొమ్మలో చూసిన సంగతే, పరీక్షలో రాసిన సంగతే. చేతిలో చూడడం వేరు. గిట్ట దాక్కోలేదు, కొమ్ము దాక్కోలేదు. ఇంత పదునైన ఆయుధాన్ని తనకు కావాలనుకున్నప్పుడే బయటపెట్టి, మిగతా వేళంతా దాచుకుని తిరిగే ప్రాణి మన కాళ్ల మధ్యే తిరుగుతోంది, మనమేమో దాన్ని దొంగపిల్లి అంటున్నాం. ఆ పూట సార్ రెండు గోళ్లు మాత్రమే తీశాడు. మిగతావి రేపు, ఎల్లుండి తీయొచ్చు, దానికి మన మీద నమ్మకం పోకపోతే చాలు అన్నాడు.

గడప దాటని పిల్లి

మిర్యాలగూడ రైసుమిల్లుల్లో పిల్లులు ఎప్పుడూ ఉన్నాయి. ఎలుకల కోసం ఉంచుకునేవారు. వాటి గోళ్లు తీయాలని ఎవరికీ తోచలేదు, తీయాల్సిన పనీ పడలేదు. బస్తాలెక్కి, గోడలెక్కి, చెట్లెక్కి గోళ్లు వాటంతటవే అరిగేవి. అదే పిల్లి టైల్సు వేసిన మూడో అంతస్తులోకి వచ్చాక గోరు అరగడానికి ఏముంది? సోఫా ఉంది, దోమల జాలీ ఉంది, మన ఒళ్లుంది. సోఫా చింపింది, పొగరెక్కింది అంటారు. పొగరు కాదు. పిల్లి గోరుకు ఉల్లిపొరలా పైన ఒక పొర ఉంటుంది. అది పాతబడితే గరుకు వస్తువును గీరి ఊడదీసుకుంటుంది, కింద కొత్త మొన సిద్ధంగా ఉంటుంది. సోఫా కింద ఊడ్చినప్పుడు దొరికే ఆ డొల్లలు చూసి, మా పిల్లి గోళ్లు రాలిపోతున్నాయని ఏడుస్తూ వచ్చినవాళ్లున్నారు. ఒక చెక్కకు గోనెపట్టా చుట్టి గోడకు బిగించండి, సోఫా బతుకుతుంది.

పాదంలో బొటనవేలి గోరును మరిచిపోకండి. అది కొంచెం పైన, లోపలివైపు ఉంటుంది, నేలకు తగలదు. తగలనిది అరగదు. వయసు మళ్లిన పిల్లులలో, ఇల్లు కదలని పిల్లులలో ముందు దాన్నే చూడండి. రెండు మూడు వారాలకొకసారి కొసలు తీస్తే సరిపోతుంది.

స్నానం సంగతి కూడా చెప్పాలి. సూర్యాపేటలో ఒకామె తన పిల్లికి పసిబిడ్డకు పోసినట్టే పోసేది. ఆముదం మర్దనా, శనగపిండి నలుగు, కుంకుడు రసం, చివర సాంబ్రాణి పొగ. పిల్లి కక్కుకుంటోందని నా దగ్గరికి తెచ్చింది. కక్కుకోదా? ఒంటికి రాసిందంతా నాకి మింగుతుంది మరి. పిల్లి నాలుకే దాని దువ్వెన. పొడవు వెంట్రుకల పిల్లులకు మాత్రం మన దువ్వెన సాయం కావాలి, ఉండలు కట్టకముందే కావాలి. ఉండ కట్టాక కత్తెర పెట్టకండి. దాని చర్మం పలచన, ఉండతోపాటే పైకి లేస్తుంది, కత్తెరకు దొరికిపోతుంది. కుక్కల ఒంటి మీది గోమార్లను, అంటే పిడుదులను, చంపే పౌడరు చల్లడం, కిరోసిన్ రాయడం చేసేవాళ్లతో నేను మర్యాదగా మాట్లాడలేకపోయేదాన్ని. వాటితో పిల్లి చచ్చిపోతుంది.

ఇక గోళ్లు పూర్తిగా పీకేయమని అడిగేవాళ్లు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, తెలియక అడుగుతారు. ఈ వృత్తిలో నేను గట్టిగా నమ్మిన మాట ఒకటుంది, ఆ పని చేయకూడదు. ఎందుకో చెప్పడానికి శిరీష వాళ్ల పిల్లి సంగతి చెప్పాలి.

ఏ వారం తీయాలి

నా సర్వీసు చివరి రోజుల్లో ముగ్గురు మనుషులు ఒక పిల్లితో వచ్చారు. నెలలు నిండుతున్న శిరీష, ఆమె భర్త నరేశ్, అత్తగారు లక్ష్మమ్మ. నరేశ్ రైసుమిల్లులో గుమాస్తా. శిరీషకు తల్లి లేదు. మొదటి కడుపు నిలవక, ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకునే రోజుల్లో, తవుడు బస్తాల వెనక దొరికిన పిల్లికూనను నరేశ్ తెచ్చి ఆమె పక్కన పెట్టాడట. దానికి మల్లి అని పేరు పెట్టింది. దానికి పాలు పట్టడం కోసమే తాను మళ్లీ మంచం దిగానని శిరీష నాతో చెప్పింది.

ఆ రోజు శిరీష చేతికి కట్టు ఉంది. మల్లి గీరింది. లక్ష్మమ్మ చంకలో మడిచిన గోనెసంచి ఉంది.

"డాక్టరమ్మా, దీని గోళ్లన్నీ పీకెయ్యి," అంది. "లేకుంటే ఇగో, సంచి తెచ్చిన. కాలువ అవతల ఇడిసిపెడతం. రేపు పసిబిడ్డ వచ్చే ఇల్లు."

మా వైపు వద్దనుకున్న పిల్లిని సంచిలో వేసి మూతి కట్టి, నీళ్లు దాటించి వదులుతారు. నీళ్లు దాటిన పిల్లికి దారి తెలియదని, మళ్లీ రాదని నమ్మకం. శిరీష పిల్లిని ఇంకా దగ్గరికి హత్తుకుంది. మొదటి బిడ్డ పోయిన ఇంట్లో రెండో బిడ్డ గురించి అత్తగారు భయపడుతుంటే ఏ కోడలు మాత్రం ఏమంటుంది?

నేను లక్ష్మమ్మ చెయ్యి పట్టుకుని, ఆమె చూపుడువేలి చివరి కణుపు మీద నా వేలు పెట్టాను. పిల్లి గోరు ఎముకను అంటుకుని ఉంటుంది, గోరు పీకాలంటే ఇక్కడిదాకా కోయాలి, అన్ని వేళ్లకూ కోయాలి అని చెప్పాను. ఆమె తన వేలు వెనక్కి తీసుకుని చాలాసేపు చూసుకుంది. నేను గోళ్లని అడిగిన, వేళ్లని అడగలేదు అని గొణిగింది.

మల్లిని బల్ల మీద నాలుగు అడుగులు నడిపించాను. కుడి ముందుకాలు ఆనించడం లేదు. చూస్తే బొటనవేలి గోరు గుండ్రంగా తిరిగి పాదం మెత్తలోకే దిగింది, చుట్టూ చీము పట్టింది. శిరీష దాన్ని ఎత్తుకోబోయినప్పుడు ఆ కాలే నొక్కుకుపోయి ఉంటుంది, నొప్పికి గీరింది. మరి కొసలు తీయలేదా అని అడిగితే ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గోళ్లు తీసే కత్తెర కొన్నారు. కానీ మంగళవారం, శుక్రవారం గోళ్లు తీయకూడదు. శనివారం అసలే కాదు. గురువారం నరేశ్ పుట్టినవారం. అమావాస్య సరేసరి. దీపం పెట్టాక పనికిరాదు, సోమ, బుధవారాల్లో నరేశ్ మిల్లు నుంచి వచ్చేసరికి దీపం పెట్టేస్తారు. మిగిలిన ఆదివారం నాడు చుట్టాలొస్తారు, మల్లి మంచం కిందకు పోతుంది. ఇట్లా నెలలు గడిచిపోయాయి.

అప్పటికి బదిలీ మీద మిర్యాలగూడకే వచ్చిన యాదగిరి పక్కకు తిరిగి నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బర్రె గిట్టలు చెక్కడానికి ఇన్నేళ్లలో నన్ను ఎవరూ వారం అడగలేదు. వీళ్లు పిల్లిని ఇంటి మనిషి అనుకున్నారు, కాబట్టే ఇంటి మనుషుల నియమం దానికీ పెట్టారు. సంచి పట్టుకొచ్చిన చెయ్యి, ఆ నియమం పెట్టిన చెయ్యి ఒక్కటే. కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేదేమిటంటే, ఇట్లాంటప్పుడు వెక్కిరించకండి. మూఢనమ్మకం అని ఉపన్యాసం ఇస్తే వాళ్లు లేచి వెళ్లిపోతారు, సంచి పని మొదలవుతుంది.

శిరీష ఒళ్లోనే ఉంచి, గోరు కత్తిరించి, దిగిన ముక్కను బయటకు లాగి కడిగాను. మల్లి ఒక్కసారి గట్టిగా అరిచింది. తర్వాత బల్ల మీదికి దిగి ఆ కాలును మోపి చూసుకుంది, మళ్లీ మోపింది. లక్ష్మమ్మ కళ్లు తుడుచుకుని, ఇంత నొప్పిని ఎట్ల ఓర్చుకున్నదో అంది. బుధవారం పొద్దున అయితే తప్పు లేదని తానే వారం ఖాయం చేసింది. సంచి మడిచినట్టే ఇంటికి పోయింది.

చెంప మీద గీత

శిరీషకు ఆడపిల్ల పుట్టింది. పురుడు లక్ష్మమ్మే పోసింది. నేను అప్పటికి రిటైరయ్యాను. ఒకరోజు పొద్దున్నే శిరీష ఫోను చేసింది. ఏడుపులో సగం మాటలు అర్థం కాలేదు. పాప చెంప మీద గీత పడింది, నెత్తురు వచ్చింది, మల్లి ఉయ్యాల కిందే ఉంది, అత్తమ్మ సంచి తీసింది. ఇంతే అర్థమైంది. ఆటో పట్టుకుని వెళ్లాను.

నేను మెట్లెక్కేసరికి నరేశ్ బండి మీద సంచి పెట్టుకుని కాలువకు వెళ్లిపోయాడు. లక్ష్మమ్మ ఉయ్యాల పక్కన నేల మీద కూర్చుని ఉంది. నీ మాట విని ఉంచుకున్న, చూడు నా బిడ్డ మొహం అన్నట్టు నావైపు చూసింది. పాప నిద్రపోతోంది. వంగి చూశాను. చెంప మీద ఒక్కటే సన్నగీత, లోతు లేదు. కనుబొమ్మ కింద ఇంకో చిన్న గీత, అడ్డంగా ఉంది. పిల్లి గీరితే సాధారణంగా పక్కపక్కన రెండు మూడు గీతలు పడతాయి, గీత మొదలయ్యే చోట గుచ్చుకున్న గుర్తు ఉంటుంది. ఇక్కడ అట్లాంటిదేమీ లేదు.

పాప పిడికిలి విప్పి చూశాను. గోళ్లు కాగితమంత పలచగా, వేలి కొస దాటి పెరిగి ఉన్నాయి. పసిబిడ్డకు కొన్ని నెలలు నిండేదాకా గోళ్లు తీయకూడదని లక్ష్మమ్మ తీయనివ్వలేదు. అమ్మా, ఇది పిల్లి గీత కాదు అని మెల్లగా చెప్పాను. ఆమె నమ్మలేదు. పిల్లిని కాపాడడానికి చెబుతున్నానని అనుకుంది. అంతలో పాపకు మెలకువ వచ్చింది. ఏడవడానికి మొహం ముడుచుకుని, రెండు చేతులూ మొహం మీదుగా ఆడించింది. మా ముగ్గురి కళ్ల ముందే రెండో చెంప మీద ఎర్రటి గీత పడింది.

శిరీష నరేశ్‌కు ఫోను కలిపి, అందరికీ వినపడేలా పెట్టి, అత్తగారి చేతికిచ్చింది.

"నరేశూ, ఎక్కడున్నవ్?"

"కట్ట మీదున్ననే అమ్మా."

"ఇడిసినవా?"

"సంచి మూతి ఇప్పి బోర్లిచ్చిన. పడతలేదు. లోపల గోళ్లతోటి సంచిని పట్టుకోని యాలాడుతున్నది. దులిపినా ఇడుస్తలేదు."

లక్ష్మమ్మ ఫోనును నోటికి దగ్గరగా తెచ్చుకుంది. "దులపకు బిడ్డా," అంది. "గట్లనే పట్టుకోని ఇంటికి రా."

అతను వచ్చేలోగా శిరీష పాప గోళ్లు తీసింది. ఆ రోజు ఏ వారమో ఎవరూ అడగలేదు. లక్ష్మమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. నేను కుర్చీలో కూర్చున్నాను కానీ నా మనసు ఆ సంచిలోనే ఉంది. ఇదే ఇంటివాళ్లు ఆ గోళ్లన్నీ పీకేయమని నన్ను అడిగారు. నేను పీకి ఉంటే మల్లి ఈపాటికి కాలువ అవతల పొలాల్లో ఎక్కడో ఉండేది, చెట్టు ఎక్కలేకపోయేది, కుక్క వస్తే తిరగబడలేకపోయేది.

నరేశ్ బండి అక్కడే వదిలేసి ఆటోలో వచ్చాడు. సంచిని రెండు చేతులతో గుండెకు ఆనించుకుని మెట్లెక్కాడు. నేల మీద పెట్టించి, మూతి అంచును మెల్లగా కిందికి మడుస్తూ పోయాను. అడుగున మల్లి కళ్లు పెద్దవి చేసుకుని, ఊపిరి బిగబట్టి ఉంది. నాలుగు కాళ్ల గోళ్లూ గోనెలో దిగి ఉన్నాయి. పిల్లి గోరు కొక్కెం లాంటిది. లాగితే ఇంకా దిగుతుంది, పాదాన్ని కొంచెం ముందుకు నెట్టి పైకి ఎత్తితే ఊడుతుంది. ఒక్కొక్క గోరూ అట్లా ఊడదీశాను. నా జీవితంలో అన్ని గోళ్లను అంత దగ్గరగా, అంత పదునుగా ఎప్పుడూ చూడలేదు. ఒక్కటి కూడా నా చేతి మీద గీత పెట్టలేదు.

చివరి పాదం దగ్గరికి వచ్చేసరికి లక్ష్మమ్మ నా పక్కన కూర్చుంది. నేను తీస్త అంది. ఎట్లా నెట్టాలో చూపించాను. ఆమె చేతులకు అలవాటు లేదు, రెండుసార్లు తడబడింది. మూడోసారి పాదం ఊడివచ్చింది. మల్లి ఆ పాదాన్ని వెనక్కి తీసుకోలేదు. తనను సంచిలో వేసిన ఆ అరచేతిలోనే ఉంచింది.

"తప్పయింది తల్లీ," అంది లక్ష్మమ్మ.

మల్లి అట్లా ఎందుకు ఉంచిందో నాకు తెలియదు. ప్రేమ అని రాస్తే మీరు నమ్ముతారు కానీ నేను డాక్టరును, తెలియనిది రాయను. నేను చూసింది మాత్రం చెబుతాను. లక్ష్మమ్మ అరచేతిలో ఉన్న ఆ పాదాన్ని దగ్గరగా వంగి చూశాను. గోళ్లన్నీ లోపలే ఉన్నాయి.